ఆగితేనే తెలిసే ఊరు: ఐర్లండ్‌లో గ్లెన్‌కొలంకిల్

డబ్లిన్‌లో ఉండే మన తెలుగువాళ్లకు ఐర్లండ్ వాయవ్య మూలనున్న డొనెగాల్ కౌంటీ (జిల్లా లాంటిది) అనగానే స్లీవ్ లీగ్ కొండలే గుర్తొస్తాయి. తెల్లవారకముందే కారులో బయల్దేరతారు. కొండల దగ్గర ఫోటోలు దిగి, కట్టుకెళ్లిన పులిహోర తిని, అర్ధరాత్రికి ఇల్లు చేరతారు. ఆ కొండల నుంచి అరగంట పడమటికి పోతే గ్లెన్‌కొలంకిల్ అనే చిన్న ఊరు ఉంది. మా అమ్మ, బాపు హుజూరాబాద్ నుంచి వచ్చినప్పుడు వాళ్లను అక్కడికి తీసుకెళ్లాం. కొండలకు ఒక్క పూట ఇచ్చి, మిగతా సమయమంతా ఊరికే ఇచ్చాం. ఐర్లండ్‌లో తిరిగిన చోట్లన్నింటిలో బాపు ఇప్పటికీ ఫోన్లో అడిగేది ఆ ఊరి గురించే. వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని దారి, బస, తిండి, చూడాల్సినవి, అక్కడ దొరకనివి రాస్తున్నాను. కానీ ముందు ఆ ఊరు ఎలా నిలబడిందో చెప్పాలి. అది తెలియకుండా పోతే గడ్డి కప్పిన నాలుగు రాతి ఇళ్లు, కొన్ని గొర్రెలు తప్ప ఇంకేం కనిపించవు.

1951లో ఫాదర్ జేమ్స్ మెక్‌డయర్ అనే క్యాథలిక్ గురువు ఈ చర్చికి వచ్చారు. ఆయన పుట్టింది ఇదే కౌంటీలో, గ్లెంటీస్ దగ్గర. అప్పటికి ఊళ్లో కరెంటు లేదు, కుళాయి నీళ్లు లేవు, తారు రోడ్డు లేదు, దవాఖానా లేదు, చేసుకుందామంటే పని లేదు. డొనెగాల్ నుంచి ఏటా ఆలుగడ్డలు తవ్వే కూలికి స్కాట్లండ్ పోవడం తరాల నుంచీ ఉన్న అలవాటు. ఆ తర్వాత పోయినవాళ్లు పోయినట్టే ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఉండిపోవడం మొదలైంది. పెళ్లి చేసుకుని ఊళ్లోనే కాపురం పెట్టేవాళ్లు తగ్గిపోతున్నారు. ఇది ఇలాగే సాగితే కొన్నాళ్లకు పూజ చేయించుకోవడానికి కూడా మనిషి మిగలడని ఫాదర్‌కు అర్థమైంది.

ఆయన ముందు ఊరివాళ్ల చేత వాళ్ల సొంత కష్టంతోనే ఒక కమ్యూనిటీ హాలు కట్టించారు. నలుగురూ కలిసి కూర్చోవడానికి ఒక చోటుంటే మిగతా పనులు వాటంతటవే కదులుతాయని ఆయన లెక్క. తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగి, మంత్రుల వెంటపడి కరెంటు, నీళ్లు, రోడ్లు తెప్పించారు. సహకార పద్ధతిలో కూరగాయలు ప్రాసెస్ చేసే ఫ్యాక్టరీ, చేపల పని, ఊలు అల్లికలు, నేత మొదలుపెట్టించారు. 1967లో పాతకాలపు ఇళ్లతో ఫోక్ విలేజ్ కట్టారు. చూడటానికి వచ్చేవాళ్ల కోసం గడ్డి కప్పుల అద్దె ఇళ్లూ కట్టారు. ఆ ఫ్యాక్టరీల్లో చాలావాటికి మార్కెట్ దొరకలేదు, అవి నిలబడలేదు. ఫాదర్ 1987లో చనిపోయారు. కానీ ఫోక్ విలేజ్ మాత్రం ఈ రోజుకీ నడుస్తోంది, దాన్ని నడిపేదీ ఊరివాళ్లే. మీరు అక్కడ కొనే టికెట్టు, తాగే టీ, కొనుక్కునే మఫ్లర్ డబ్బులు ఊళ్లోనే ఉంటాయి. నన్నడిగితే ఆ ఊళ్లో రాత్రి ఉండమనడానికి ఇదొక్కటి చాలు.

ఫోక్ విలేజ్‌లో ఆ బోర్డులన్నీ నేను చదివి చెప్తుంటే బాపు నిలబడిపోయాడు. "మన ముల్కనూర్‌ల విశ్వనాథరెడ్డి సారు చేసిందీ గిదే గదా బిడ్డా. ఆడ సొసైటీ నిలవడ్డది, ఈడ ఫ్యాక్టరీలు ఎందుకు నిలవడలె?" అన్నాడు. ముల్కనూర్ సహకార గ్రామీణ బ్యాంకు మొదలైంది 1956లో, అంటే ఇంచుమించు ఫాదర్ మెక్‌డయర్ పని మొదలుపెట్టిన రోజుల్లోనే. మా ఊరివైపు దాన్ని తెలియనివాళ్లు ఉండరు. అక్కడి రైతుకు విత్తనం, అప్పు, అమ్మకం అన్నీ ఒకే గడపలో దొరికాయి, పక్కనే మార్కెట్ ఉంది. ఇక్కడ రైతుకు ఉన్నదే నాలుగెకరాల బురద నేల, మార్కెట్ చూస్తే వందల కిలోమీటర్ల దూరం. రైలు కూడా లేదు. దగ్గరి రేవు పట్టణం కిల్లీబెగ్స్ దాకా వచ్చే చిన్న రైలును 1959 ఆఖర్లో తీసేశారు. బాపు అడిగిన ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాకపోవచ్చు. అయినా ఆ పూట మేమిద్దరం అక్కడి బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఇదే మాట్లాడుకున్నాం.

ఇక ఫోక్ విలేజ్ గురించి. సముద్రం ఒడ్డున, కొండ వాలులో చిన్న చిన్న ఇళ్లు వరసగా ఉంటాయి. ఒక్కో ఇల్లు ఒక్కో కాలానిది: మట్టి నేల ఉన్న పాత ఇల్లు, తర్వాతి తరం వాళ్ల కాస్త పెద్ద ఇల్లు, జాలరి ఇల్లు, పాత బడి. లోపల మంచాలు, కుండలు, రాట్నాలు, దీపాలు ఊరివాళ్లు ఇంట్లోంచి తెచ్చి ఇచ్చినవే. అందుకే మ్యూజియంలో తిరిగినట్టు అనిపించదు. మాకు చూపించినామె ఒక బల్లను చూపిస్తూ, ఎవరి వంటింట్లోంచి వచ్చిందో ఆ ఇంటి వైపు కిటికీలోంచి వేలు పెట్టి చూపించింది. పొయ్యిలో టర్ఫ్ మండుతోంది. బురద నేలను ఇటుకల్లా కోసి ఎండబెట్టిన గడ్డలవి. దాని పొగ వాసన బట్టలకు పట్టేసి డబ్లిన్ వచ్చాక కూడా పోలేదు. అమ్మకు ఆ వాసన చాలా నచ్చింది.

ఇంటి బయట ఒక్క నిమిషం ఆగి కప్పు అంచును చూడండి. గోడలోంచి రాతి మేకులు వరసగా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. గడ్డి మీదుగా అడ్డంగా, నిలువుగా వల అల్లినట్టు తాళ్లు లాగి ఆ మేకులకు బిగించి కడతారు. అట్లాంటిక్ గాలి ఒక్కసారి విసిరిందంటే మామూలు గడ్డి కప్పు లేచిపోతుంది, అందుకే ఈ ఏర్పాటు. బాపు చెయ్యి పెట్టి ముడి లాగి చూశాడు, ఇసుమంత కదల్లేదు. గైడుతో చూస్తే గంట, గంటన్నర పడుతుంది. టికెట్ ధర కొన్ని యూరోలే, పిల్లలకు తక్కువ. టీ కొట్టులో సోడా బ్రెడ్, సూప్, స్కోన్లు దొరుకుతాయి. బ్రెడ్ అక్కడే చేస్తారు, వేడిగా ఉన్నప్పుడు వెన్న రాసుకుని తినండి. చలికాలంలో మాత్రం మూసేస్తారు, ఆ నెలల్లో వెళ్తే నిరాశ తప్పదు.

ఈ ఊరికి ఆ పేరు కొలంకిల్ అనే సెయింట్ వల్ల వచ్చింది. 521లో ఇదే డొనెగాల్‌లో గార్టన్ దగ్గర పుట్టి, 597లో స్కాట్లండ్ దగ్గరి అయోనా దీవిలో చనిపోయిన సన్యాసి ఆయన. ఆయన పేరు మీద ఈ లోయలో ఒక యాత్రా మార్గం ఉంది, టూరస్ అంటారు. ఐదు కిలోమీటర్ల చుట్టు, 15 చోట్ల ఆగాలి. కొన్ని చోట్ల చెక్కిన శిలువలతో నిలువు రాళ్లు ఉంటాయి, కొన్ని చోట్ల ఉత్త రాళ్ల గుట్టే. ఈ శిలువల కన్నా ఎన్నో వేల ఏళ్ల ముందటి రాతి సమాధులు కూడా అదే దారిలో కలిసిపోయి ఉన్నాయి. జూన్ 9 ఆయన పండుగ. 8వ తేదీ రాత్రి పన్నెండు దాటి 9 మొదలవగానే ఊరివాళ్లు చెప్పులు లేకుండా ఈ చుట్టు మొదలుపెడతారు, తెల్లారేసరికి పూర్తవుతుంది.

మేం పగలు, చెప్పులేసుకునే, సగం దారి నడిచాం. అమ్మ మోకాళ్లకు అంతకన్నా కుదరలేదు. చాలా ఆగేచోట్ల రాళ్ల గుట్ట చుట్టూ మూడుసార్లు తిరగాలి, తిరిగేది కుడిచేతి వైపుగానే. ఈ మాట చెప్పగానే అమ్మ ఇంక నన్నేం అడగలేదు, కొంగు నడుముకు దోపి ప్రదక్షిణ మొదలుపెట్టింది. ఏ దేవుడైతేనేం అన్నట్టు. కొండ మీద కొలంకిల్ బావి ఉంది. అక్కడికి ఎక్కేవాళ్లు కింది నుంచి మూడు రాళ్లు తీసుకెళ్లి బావి పక్కన వేస్తారు. అలా వేసి వేసి ఆ గుట్ట మనిషిని మించి పెరిగింది. మా వాడు రాళ్లు మోశాడు. ఫారన్‌మక్‌బ్రైడ్ దగ్గర ఒక నిలువు రాయికి పైన కన్నం ఉంటుంది. పెళ్లి కుదిరిన జంట చెరోవైపు నిలబడి అందులోంచి వేళ్లు కలిపేవారట. మనసులో పాపం లేనివాళ్లు అందులోంచి చూస్తే స్వర్గం కనబడుతుందని కూడా ఊళ్లో చెప్తారు. నాకు కనిపించింది ఎదురుగా పచ్చటి పొలం, నాలుగు గొర్రెలు. నాకు అదే చాలనిపించింది.

ఈ దారి చాలావరకు రైతుల పొలాల్లోంచి పోతుంది. గేటు తీస్తే మళ్లీ వెయ్యాలి. గొర్రెలు పిల్లలు వేసే రోజుల్లో కుక్కను తీసుకెళ్లకూడదు. బురద ఉంటుంది, మామూలు స్పోర్ట్స్ షూ పనికిరావు. వేసవిలో గాలి లేని సాయంత్రాల్లో మిడ్జెస్ అనే సన్న దోమలు ముసురుకుంటాయి. దానికి ఒక క్రీమ్ అడిగి కొనుక్కోండి.

ఊరు గేల్టాక్ట్‌లో ఉంది. అంటే ఐరిష్ భాష ఇంట్లో, బడిలో, దుకాణంలో నడిచే ప్రాంతం. ఇక్కడి రోడ్డు బోర్డులు ఐరిష్‌లోనే ఉంటాయి. ఫోన్ మ్యాప్‌లో ఒక పేరు, బోర్డు మీద ఇంకో పేరు కనబడి తికమకపడే అవకాశం ఉంది. బయల్దేరే ముందే ఊళ్ల ఐరిష్ పేర్లు కాగితం మీద రాసుకుంటే టెన్షన్ ఉండదు. 1984 నుంచి ఇక్కడ ఇడ్యస్ గేల్ అనే సంస్థ పెద్దవాళ్లకు ఐరిష్ నేర్పుతోంది. లియమ్ ఓ కునగాన్, షోసవ్ వాట్సన్ అనే ఇద్దరు దాన్ని మొదలుపెట్టారు. వేసవిలో ఎక్కడెక్కడి దేశాల నుంచో మనుషులు వచ్చి వారం రోజులు ఉండి భాష నేర్చుకుంటారు. నాట్యం, కొండలెక్కడం, నేత వంటి కోర్సులు కూడా ఉన్నాయి. ఫాదర్ మెక్‌డయర్ ఫ్యాక్టరీలతో చేయలేకపోయిన పని ఒకటి ఈ బడి చేసిందని నాకనిపించింది: వచ్చిన మనిషిని గంటలో తిప్పి పంపకుండా వారం ఉంచుతోంది. వారం ఉన్న మనిషి తిండి, బస, బస్సు, పబ్బు అన్నిటికీ ఇక్కడే ఖర్చు పెడతాడు.

పబ్బు అంటే మొదట్లో అమ్మ రానంది. "బార్లకు నేనెందుకే, మీరు పోయి రాండ్రి" అంది. ఇక్కడ పబ్బంటే తాగేచోటు మాత్రమే కాదని, పిల్లలూ ముసలివాళ్లూ కూడా వస్తారని ఒప్పించి తీసుకెళ్లాం. ఒక మూల బల్ల చుట్టూ నలుగురు ఫిడేళ్లు పట్టుకుని కూర్చున్నారు. స్టేజీ లేదు, మైకు లేదు. డొనెగాల్ ఫిడేలు పద్ధతి వేరు. కమాను చిన్న చిన్నగా, వేగంగా కదులుతుంది. ఈ పక్క మీన్ నా క్రోషలో పుట్టిన జేమ్స్ బర్న్ వంటి ఫిడేలు విద్వాంసులకు దేశమంతా పేరుంది. ఒక ముసలాయన కళ్లు మూసుకుని వాయిస్తుంటే పక్కనున్న పన్నెండేళ్ల పిల్ల ఆయన వేళ్లనే చూస్తూ వెంట వాయిస్తోంది. ఆయన ఒకచోట కావాలని నెమ్మదించాడు, పిల్ల అందుకుంది, మళ్లీ వేగం పెంచాడు. అమ్మ టీ తాగుతూ ఆ పిల్ల మీంచి చూపు తిప్పలేదు. ఆగస్టులో ఫిడేలు వారం జరుగుతుంది. సంగీతం ఇష్టమైతే ఆ వారమే చూసుకోండి, కానీ బస చాలా ముందు మాట్లాడుకోవాలి. ఇంకోమాట: వాయించేవాళ్ల ముఖం మీదికి ఫోన్ పెట్టకండి. ఒక పాట విని, కళ్లతో అడిగి, అప్పుడు తీసుకోండి. పిల్లలుంటే రాత్రి తొమ్మిదికల్లా, వేసవిలో అయితే పదికల్లా బయటికి రావాలి, అది చట్టం.

బస సంగతి. ఊళ్లోనూ పక్క పల్లెల్లోనూ మూడు రకాలు దొరుకుతాయి. బి అండ్ బి అంటే ఒక ఇంట్లో గది, పొద్దున టిఫిన్. ఇద్దరికి 100 యూరోలకు అటూ ఇటూగా పడింది మాకు. ఊరి సంగతులు తెలుసుకోవాలంటే ఇదే మేలు, ఎందుకంటే పొద్దున టేబుల్ దగ్గర ఇంటామెతో మాట్లాడినంత వివరం ఏ బ్రోషర్లోనూ ఉండదు. పోస్టాఫీసు ఎన్నింటికి తీస్తారో, ఏ రాత్రి ఎక్కడ పాటలుంటాయో, ఏ కొండకు ఈ రోజు మబ్బు పడుతుందో ఆమే చెప్పింది. ఇబ్బంది ఏమిటంటే సాయంత్రం వంట చేసుకునే వీలుండదు. రెండోది అద్దె ఇల్లు. పెద్దవాళ్లను తీసుకొచ్చే మన కుటుంబాలకు ఇదే సుఖం. కుక్కర్, బియ్యం, పప్పు, పచ్చడి కారులో వేసుకొస్తే సాయంత్రాలకు దిగుల్లేదు. పోపు పెట్టేటప్పుడు కిటికీలు తీయండి, తర్వాత వచ్చేవాళ్లను తలచుకుని. మూడోది హాస్టల్, ఒంటరిగా కొండలెక్కేవాళ్లకు చవక.

మేం మొదటి రాత్రి దిగిన అద్దె ఇంటి గురించి చెప్పాలి. పేరు రాయను. ఫోటోల్లో బాగుంది, లోపల హీటర్ సరిగా పనిచేయలేదు. ఫోన్ చేస్తే యజమాని దూరంలో ఉన్నానని, రేపు చూస్తానని అన్నాడు. మే నెలలో కూడా అక్కడ రాత్రిపూట చలి కొరుకుతుంది. బాపు రెండు స్వెట్టర్లేసుకుని పడుకున్నాడు. మర్నాడు బి అండ్ బికి మారిపోయాం. బుక్ చేసేముందు యజమాని ఊళ్లోనే ఉంటారా, హీటింగ్ దేనితో నడుస్తుంది, వేడినీళ్లు ఎప్పుడూ వస్తాయా అని రాసి అడగండి. సరైన జవాబు రాకపోతే వదిలేయండి. ఊళ్లో చాలా ఇళ్లు ఇలా బయటివాళ్ల చేతుల్లో ఉండి, చలికాలమంతా తాళం వేసే ఉంటాయి. ఊళ్లోనే పుట్టి పెరిగిన కుర్ర జంటలకు మాత్రం ఇల్లు దొరకదు. బి అండ్ బి ఇంటామె ఇది చెప్పేటప్పుడు గొంతు మారింది. అందుకే ఇంటివాళ్లు ఊళ్లో ఉన్న చోటే దిగమని నేను గట్టిగా చెప్తాను.

తిండి విషయంలో శాకాహారులు ముందే సిద్ధపడాలి. సముద్రపు చేపల సూప్, వేయించిన చేప, గొర్రె మాంసం బాగుంటాయి. బాపు చేపల సూప్‌ను రోజూ అడిగాడు. శాకాహారికి కూరగాయల సూప్, బ్రెడ్, గుడ్డు, చిప్స్ తప్ప పెద్దగా ఉండవు, సూప్‌లో కూడా మాంసం ఉడికించిన నీళ్లు కలిపారా అని అడగాలి. అడిగితే విసుక్కోరు. ఇడ్యస్ గేల్ ఆవరణలో ఉన్న భోజనశాలలో అమ్మ కోసం వేరేగా కూర చేసి ఇచ్చారు. రాత్రి వంటిళ్లు త్వరగా మూస్తారు, ఎనిమిదిలోపే వెళ్లండి. ఊళ్లో చిన్న దుకాణం ఉంది, పాలు, బ్రెడ్, ఆలుగడ్డలకు సరిపోతుంది. పెద్ద సూపర్ మార్కెట్, మందుల షాపు కావాలంటే కిల్లీబెగ్స్ వెళ్లాలి, అది 26 కిలోమీటర్లు. బీపీ, షుగర్ మందులు లెక్కకన్నా నాలుగు రోజులవి ఎక్కువ పెట్టుకోండి. పెట్రోలు కూడా అక్కడే నింపుకుని రావడం మేలు. కొన్ని చోట్ల కార్డు తీసుకోరు, నోట్లు ఉండాలి.

దారి విషయంలో మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఒకటి తప్పక తెలుసుకోవాలి. డబ్లిన్ నుంచి మ్యాప్ చూపించే దగ్గరి దారి కావన్, ఎనిస్కిలెన్ మీదుగా పోతుంది. ఎనిస్కిలెన్ ఉత్తర ఐర్లండ్‌లో ఉంది, అంటే అది బ్రిటన్ (యు.కె.) కింద ఉంటుంది. ఐరిష్ రెసిడెన్స్ కార్డు ఉందని అక్కడికి వెళ్లడానికి కుదరదు, బ్రిటన్ వీసా కావాలి. ఐరిష్ విజిట్ వీసా మీద బి.ఐ.వి.ఎస్. (బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్) అని అచ్చు వేసి ఉంటే వెళ్లొచ్చు. మా అమ్మావాళ్ల వీసాల మీద అది ఉంది, మాకు లేదు. దారిలో ఎవరూ ఆపరు కదా అని కొందరంటారు. ఆపినా ఆపకపోయినా చట్టం అదే, మన ఉద్యోగాలూ వీసాలూ ఇక్కడ ఉన్నప్పుడు ఆ పని చేయొద్దు. స్లైగో మీదుగా వెళ్తే మొత్తం దారి రిపబ్లిక్‌లోనే ఉంటుంది. ఎక్కడా ఆగకపోతే ఐదు గంటలకు దగ్గరగా పడుతుంది. స్లైగో దాటాక బెన్‌బుల్బెన్ కొండ పక్కనే కనబడుతుంది, కాబట్టి ఎక్కువ దూరమైనా నష్టం లేదు. కారు లేనివాళ్లు డబ్లిన్ నుంచి స్లైగోకు రైలు, అక్కడి నుంచి డొనెగాల్ పట్టణానికి బస్సు, అక్కడి నుంచి కిల్లీబెగ్స్ మీదుగా ఊరికి ఇంకో బస్సు పట్టుకోవాలి. ఊరికి వెళ్లే ఆ బస్సులు రోజుకు కొన్నే, ఆదివారాలు మరీ తక్కువ. ఒక్కటి తప్పితే ఆ రోజు పోయినట్టే.

స్లీవ్ లీగ్ గురించి ఎక్కువ రాయను, అందరూ రాసిందే. 601 మీటర్ల ఎత్తున సముద్రంలోకి తెగిపడ్డట్టున్న కొండలు. బన్‌గ్లాస్ అనే కొండలు చూసేచోటు దాకా షటిల్ బస్సు పోతుంది, పెద్దవాళ్లకు అదే నయం. పైన దారిలో నేలమీద తెల్లరాళ్లతో పేర్చిన పెద్ద అక్షరాలు కనబడతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్లకు ఇది తటస్థ దేశమని తెలియడానికి పెట్టినవి. మబ్బు ఉంటే ఏమీ కనబడదు. ఊళ్లో రాత్రి ఉండటంలో లాభం ఇదే, పొద్దున చూసి మబ్బుంటే సాయంత్రానికి వాయిదా వేసుకోవచ్చు. డబ్లిన్ నుంచి ఒక్క రోజుకు వచ్చినవాళ్లకు ఆ వీలుండదు. మేం వెళ్లిన పొద్దున మబ్బే. సాయంత్రం నాలుగింటికి తేటపడితే అప్పుడు వెళ్లాం.

కొండల కన్నా నాకు మాలిన్ బెగ్ దగ్గరి సిల్వర్ స్ట్రాండ్ నచ్చింది. గుర్రపు నాడా ఆకారంలో కొండ, మధ్యలో ఇసుక. దిగడానికి 170కి పైగా మెట్లు. అమ్మ పైనే బెంచీ మీద కూర్చుంది, పై నుంచి కూడా అంతా కనిపిస్తుంది. దూరంగా రాథ్లిన్ ఓబర్న్ దీవిలో లైట్‌హౌస్ ఉంది. 1974లో దాన్ని అణుశక్తి జనరేటర్‌తో నడిపించారు, ఐర్లండ్‌లో ఇంకెక్కడా అలా చేయలేదు. మా వాడికి ఈ సంగతి చెప్పాక లైట్‌హౌస్ వదిలి కదల్లేదు. ఉత్తరం వైపు పోర్ట్ అనే చోట మనుషులు వదిలేసిన రాతి ఇళ్ల గోడలు మిగిలాయి. అక్కడి నుంచి కొండ దాటితే గ్లెన్‌లాక్ లోయ, అమెరికా చిత్రకారుడు రాక్‌వెల్ కెంట్ 1926లో వచ్చి ఉండి బొమ్మలు గీసింది అక్కడే. నడక బాగా అలవాటున్నవాళ్లే వెళ్లాలి, ఫోన్ సిగ్నల్ ఉండదు.

తిరుగు దారిలో కిల్‌కార్‌లో స్టూడియో డొనెగాల్ దగ్గర ఆగండి. చేతి మగ్గాల మీద ట్వీడ్ నేయడం చూడొచ్చు. ఊలు దారం వడికేటప్పుడే అక్కడక్కడా పసుపు, ఎరుపు, నీలం చుక్కలు పడేలా కలుపుతారు, డొనెగాల్ ట్వీడ్‌ను గుర్తుపట్టేది వాటితోనే. అమ్మ నాడె పోయే చప్పుడు విని మగ్గం దగ్గరే నిలబడిపోయింది. కోటు ధర చూసి వెనక్కి తగ్గాం కానీ బాపుకు ఒక టోపీ కొన్నాం. ఎన్నేళ్లైనా చెక్కు చెదరదని నేసినామె చెప్పింది.

ఒకరోజు సాయంత్రం గ్రౌండులో నీవ్ కొలంబా క్లబ్బు కుర్రాళ్లు ఐర్లండ్ సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్ ప్రాక్టీస్ చేస్తున్నారు. ఈ ఆటలో ఎవరికీ జీతం ఉండదు. పుట్టిన చోటి క్లబ్బుకే ఆడతారు. అక్కడ నిలబడి చూస్తున్న ఒకాయన చెప్పాడు, ఆడేవాళ్లలో కొందరు చదువుకో ఉద్యోగానికో వారమంతా డబ్లిన్‌లో ఉండి, ప్రాక్టీసు కోసం శుక్రవారం ఇన్ని గంటలు కారు నడిపి వస్తారట. జట్టుకు పదిహేను మంది కావాలి. చిన్న ఊరికి ఏటా ఆ పదిహేను మందిని కూడగట్టడమే పెద్ద పని అన్నాడు. సొంత ఊరి నుంచే ఆఫీసు పని చేసుకునేలా గేల్టాక్ట్ ఊళ్లలో ఇంటర్నెట్‌తో ఆఫీసు గదులు ఇప్పుడు ఇస్తున్నారు, కొంతమంది తిరిగి వస్తున్నారని కూడా చెప్పాడు. బాపు ఆయనతో నేను మధ్యలో మాట చెప్తుండగా చాలాసేపు మాట్లాడాడు. మన పల్లెల్లో పిల్లలు హైదరాబాద్ పోతే రారని బాపు చెప్తే, ఆయన తలూపి భుజం తట్టాడు.

ఎవరు వెళ్లకూడదో కూడా చెప్తాను. పిల్లలకు రైడ్లు, షాపింగ్ కావాలంటే ఇక్కడ ఏమీ లేవు. వాన పడితే చేయడానికి పెద్దగా ఉండదు, వాన మాత్రం తప్పకుండా పడుతుంది. ఇరుకు రోడ్ల మీద కారు నడపడం కొత్త అయితే ఆర్డ్రా వైపు నుంచి గ్లెన్‌గెష్ కనుమ మీదుగా రాకండి, మలుపులు గట్టివి. కిల్లీబెగ్స్ దారి తేలిక. గొర్రెలు రోడ్డు మీదే పడుకుని ఉంటాయి, హారన్ కొట్టకుండా ఆగితే అవే లేచిపోతాయి.

మే, సెప్టెంబర్ నెలలు మేలు. రద్దీ తక్కువ, ఫోక్ విలేజ్ తెరిచి ఉంటుంది, మిడ్జెస్ కూడా అంతగా ఉండవు. టూరస్ రాత్రి చూడాలంటే జూన్ మొదటి సోమవారం బ్యాంక్ హాలిడే వస్తుంది, దానికి తర్వాతి రోజులు కలుపుకుని సెలవు పెట్టుకుంటే 9వ తేదీ అందుతుంది. ఆ వారానికి గదులు ముందే నిండిపోతాయి కాబట్టి ముందు బస ఖాయం చేసుకుని తర్వాతే ఆఫీసులో సెలవు అడగండి. ఆ రాత్రి నడవాలనుకుంటే బి అండ్ బి ఇంటివాళ్లనే అడగండి, ఎవరి వెంట వెళ్లాలో వాళ్లే చెప్తారు.